పసుపెక్కిన చెవులు

హత్య పట్టపగలే జరిగింది. ఉదయం పదకొండు గంటలు. గదిలో ఎనిమిది ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. లోపల సాక్షులు నూట పంతొమ్మిది మంది. ఒక్కరూ నోరు మెదపలేదు. మెదపరు కూడా. అందరూ ఎలుకలే.

చచ్చినవాడి నంబరు పదిహేడు. తెల్ల ఎలుక, మగది, నాలుగు నెలల వయసు. తోక మీద ఒక నల్ల గీత, ఏడు ఎర్ర చుక్కలు. రబ్బరు గ్లవ్సు తొడిగిన చెయ్యి పంజరం మూత తీసింది, సూది గుచ్చింది, మూత పెట్టింది. నలభై సెకన్ల పని. రిజిస్టర్లో ‘సహజ మరణం’ అని రాశారు. ఏ ఎలుక చచ్చినా పొట్ట కోసి లివరు చూడాలని ఆ టెస్టింగ్ ల్యాబులో రూలుంది. పదిహేడుని మాత్రం పది నిమిషాల్లో తీసుకెళ్లి ఇన్సినరేటర్లో పడేశారు.

ఆ ఎలుక చేసిన నేరం ఒక్కటే. దాని చెవులు పసుపెక్కాయి.

*

“కదలకు” అన్నాడు మావయ్య నల్లగుడ్డ కింద నుంచి. “గడ్డం కొంచెం ఎత్తు. ఎలక చచ్చింది.”

“ఎవరి ఎలక?” అన్నాడు కాంపౌండర్ గడ్డం ఎత్తి.

“దేశానిది.”

పాత ఫొటో స్టూడియో అది. ముందుగదిలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తారు, వెనకగదిలో దేశాన్ని కాస్తారు. డిపార్ట్‌మెంట్‌లో పేర్లుండవు, వరసలుంటాయి. చీఫ్ మావయ్య. ఉత్తరాలు మోసేవాడు చిన్నాన్న. వైర్లెస్ దగ్గర కూర్చునే ముసలాయన తోడల్లుడు. ఎవరికీ ఎవరూ ఏమీ కారు. కాంపౌండర్‌కి మాత్రం వరస కుదర్లేదు. ఒకప్పుడు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేశాడు కనక ఆ పేరే ఉండిపోయింది. పదకొండేళ్లుగా ఏజెంటు. ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుని గాలికి తిరుగుతున్న మనిషి.

“మొక్కల నుంచి తీసిన పురుగుమందు” అన్నాడు మావయ్య. “అడవి గింజల నూనె. ఆకుపచ్చ డబ్బా, డబ్బా మీద ఆవూ దూడా. మొక్క నుంచి వచ్చింది కాబట్టి ఏ జంతువుకీ హాని లేదంటున్నారు.”

“గన్నేరు కూడా మొక్కే కదా.”

“అది డబ్బా మీద రాయరు. ఎల్లుండి కాక అవతలి రోజు, గురువారం పదకొండింటికి, ఆ ల్యాబు మీటింగ్ హాల్లోనే కమిటీ కూర్చుంటుంది. సంతకం పడిందా, దేశంలో పశువుల దాణా గోడౌన్లన్నిట్లో ఇదే చల్లుతారు. మామూలు మందు చల్లితే ఇన్ని రోజులు ఆగి మేపాలని రూలుంది. దీనికి ఆగక్కర్లేదు. మొక్క కదా! పొద్దున చల్లి సాయంత్రం మేపుకోవచ్చు.”

“పశువులు చస్తే వాళ్లకేం ఒరుగుతుంది?”

“పాలపొడి. ఓడల్లో నింపి రెడీగా పెట్టుకున్నారు.”

ఆ విదేశీ ముఠాని డిపార్ట్‌మెంట్ ‘తోటమాలీలు’ అంటుంది. ఆరేళ్లుగా వెంటపడుతున్నా ఒక్కడూ చిక్కలేదు. వాళ్లు కాగితాలు దిద్దరు. దొంగ సంతకాలు పెట్టరు. కాగితం అంతా నిజమే ఉంటుంది. నిజం మాత్రం దాన్లో ఉండదు.

మావయ్య నల్లగుడ్డలోంచి చెయ్యి చాపి ల్యాబు రిపోర్టు అందించాడు. కాంపౌండర్ తల కదపకుండా కళ్లతోనే చదివాడు. మందు తాగించిన ఎలుకల రక్తంలో ఎస్‌జీఓటీ మూడింతలు పెరిగింది. ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది.

“ఇది పొసగదు మావయ్యా. ఎస్‌జీపీటీ లివరు ఇంటిమనిషి. లివరు దెబ్బతింటేనే రక్తంలోకొస్తుంది. ఎస్‌జీఓటీ అట్లా కాదు. లివర్లోనూ ఉంటుంది, కండలోనూ ఉంటుంది. ఏది దెబ్బతిన్నా బయటపడుతుంది.”

“వాళ్లూ అదే రాశారు. లివరు భేషుగ్గా ఉంది, కండలు నలిగాయి, తప్పు మందుది కాదు, ఎలకల్ని మోటుగా పట్టుకున్న అటెండరుది అని.” మావయ్య నల్లగుడ్డ తీసి బయటికొచ్చాడు. బట్టతల మీద చెమట. “ఆ అటెండరు ఎవరనుకున్నావు?”

కాంపౌండర్ ఎత్తిన గడ్డం దించేశాడు. ఎలుకల ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న అటెండరు తనకి ఒక్కడే తెలుసు.

“మీ అక్క మొగుడు” అన్నాడు మావయ్య. “మాకు ఈ కేసు తెచ్చిందే ఆయన. మంత్రిగారికి ఉత్తరం రాస్తే తిరిగి తిరిగి నా బల్ల మీద పడింది.”

ఉత్తరం రూళ్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఉంది. ‘అయ్యా, పదిహేడో నంబరు చెవులు పసుపెక్కినవి. కళ్ళు కూడా. అది లివరు రోగము. గ్లవ్సు చెయ్యి ఒకటి సూది గుచ్చి చంపుట అద్దంలోంచి చూచినాను, ముఖము కనపడలేదు. నా చేతుల వల్ల ఏ ఎలుకకూ దెబ్బ తగలలేదు. ఇది నా మనవి.’

“మీ బావని బతిమాలి హెల్పరుగా చేరు. నువ్వెవరో ఆయనకి తెలియకూడదు.”

“తెలిస్తే?”

“ఆయన నిజం చెప్పే మనిషి. అట్లాంటివాళ్లతో పెద్ద చిక్కు.” మావయ్య సొరుగులోంచి మూడు వస్తువులు తీశాడు. చొక్కా గుండీ అంత థర్మామీటరు, ఎక్కడ పెడితే అక్కడి టెంపరేచర్ గంటగంటకీ గుర్తుపెట్టుకుంటుంది. రెండు అరల క్యారేజీ, కింది అరకి గాలి రంధ్రాలు. బూట్ల డబ్బా సైజు ఎనలైజరు, రెండు చుక్కల రక్తం పోస్తే పన్నెండు నిమిషాల్లో స్లిప్పు కక్కుతుంది, స్లిప్పు మూలన డిపార్ట్‌మెంట్ ముద్ర. “కమిటీ చైర్మన్ ఎవరి మనిషీ కాదు. ఆ ముద్ర ఆయనకి తెలుసు. సంతకం లోపల స్లిప్పు ఆయన చేతిలో పడాలి. మిగతాది వదిన చూసుకుంటుంది.”

“వదిన ఎక్కడుంది?”

“అక్కడే. వాళ్ల కంపెనీ తరఫు ఆడిటరు. మన మనిషే.”

“ఖాయమా?”

“ఫొటోకి నవ్వకూడదు” అన్నాడు మావయ్య, మళ్లీ నల్లగుడ్డలో దూరుతూ.

కాంపౌండర్ నవ్వలేదు.

*

“అబ్బా!”

“కరిచిందా? కరవదా మరి! అవేమైనా నీ అత్తగారింటి పెరుగు గిన్నెలా, అట్లా చెయ్యి పెట్టేస్తే?” బావ నవ్వుతూ దూది అందించాడు. “నీ చేతులు చల్లగా ఉంటాయోయ్ కాంపౌండరూ. చిన్నప్పట్నుంచీ అంతే. చల్లటి చేతిని ఎలక నమ్మదు.”

సోమవారం మధ్యాహ్నం. ఎలుకల గదిలో రంపపు పొట్టు వాసన. గోడకి గీజరు, కింద తొట్టి. బావ తొట్టిలో వేడినీళ్లు పట్టి మోచేతుల దాకా ముంచాడు. రెండు నిమిషాలు అట్లాగే నిలబడ్డాడు. తుడుచుకుని ఇరవై మూడో నంబరు పంజరం తీసి, అరచెయ్యి పరిచి ఊరుకున్నాడు. ఎలుకే వచ్చి ఎక్కింది. బావ దాన్ని ఛాతీకి ఆనించుకున్నాడు. అది కళ్లు సగం మూసింది.

“చూశావా? పట్టుకోవడం కాదు, ఎక్కించుకోవడం. ఎలక భయపడిందా, బిగుసుకుంటుంది. బిగుసుకుంటే దాని కండ అదే నలుగుతుంది.” ఎలుకని తిప్పి చెవి చూపించాడు. “ఇది చూడు. దీనికీ మొదలైంది.”

గులాబీ రంగులో ఉండాల్సిన చెవి పాత కాగితంలా ఉంది.

తలుపు పక్కన మేకుకి ‘కాటు రిజిస్టర్’ వేలాడుతోంది. ఎవర్ని ఎలుక కరిచినా అందులో రాయాలి. తేదీ, మనిషి, ఎలుక నంబరు, కారణం. ఇరవై ఆరేళ్లలో బావ పేరు ఆ రిజిస్టర్లో ఒక్కసారి లేదు. కాంపౌండర్ మొదటిరోజే రెండుసార్లు ఎక్కాడు.

“ఇంత మెత్తగా పట్టుకుంటావు గదా, మోటు చెయ్యంటే ఊరుకున్నావేం బావా?”

బావ మొహంలో నవ్వు పోయింది. “ఊరుకోలేదు. ఉత్తరం రాశాను, పెద్దవాళ్లకి. ఎవరో ఒకరు చదవకపోతారా? గురువారం దాకా టైమిచ్చాడు పళ్ల డాక్టరు. ఈలోగా ఎవరైనా వస్తే సరి. రాకపోతే సస్పెన్షను.” ఎలుకని పంజరంలో దించాడు. “ఉద్యోగం పోతే పోయింది. మీ అక్క ముందూ, పిల్లల ముందూ మోటు చేతులవాణ్ణి అనిపించుకోవాలి, అదే నా బాధ.”

ఆ ‘ఎవరో ఒకరు’ ఎదురుగానే నిలబడి వేలికి దూది అద్దుకుంటున్నాడు. 

పళ్ల డాక్టరంటే ఆ ల్యాబుకి డైరెక్టరు. పళ్ల వైద్యుడేం కాదు. ఎప్పుడూ ముప్పై రెండూ కనిపించేలా నవ్వుతుంటాడని స్టాఫు పెట్టిన పేరు. మనిషిని ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడూ అదే నవ్వు, తీసేసినప్పుడూ అదే నవ్వు.

*

కోల్డ్ రూములో రెండు ఫ్రీజర్లున్నాయి. ఒకటి గట్టిది, మైనస్ ఎనభై. దాని మీద ‘రిపేరు’ అని కాగితం అంటించారు. కాంపౌండర్ చెవి ఆనించి విన్నాడు. లోపల మోటారు నిక్షేపంగా తిరుగుతోంది. రెండోది ఇళ్లలో వాడే రకం. ఎలుకల రక్తం నుంచి తీసిన సీరం ట్యూబులన్నీ అందులోనే ఉన్నాయి. ట్యూబుల వెనక గుండీ థర్మామీటరు దోపి వచ్చేశాడు.

బుధవారం పొద్దున గుండీ తీసి చిన్న భూతద్దంలోంచి చదువుతుంటే వెనక తలుపు చప్పుడైంది. ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత హైహీల్స్ మీద వేసుకున్న ప్లాస్టిక్ కవర్ల గరగర.

“ఈ గదిలో ఫ్యాను శబ్దం ఎక్కువ” అంది ఆమె.

“ఫ్యాను కాదు, బేరింగు అరిగింది” అన్నాడు కాంపౌండర్.

కోడ్ సరిపోయింది. బూడిదరంగు సూటు, లిప్‌స్టిక్, ఆ చలిలో కూడా చలువ కళ్లద్దాలు. పళ్ల డాక్టరు నుంచి గేటు వాచ్‌మన్ దాకా ఆమె వస్తుంటే చొక్కా సర్దుకుంటారు. వదిన.

“గుండీ ఏం చెప్పింది?”

“ఎనిమిది గంటలకోసారి ఈ ఫ్రీజరు మంచు కరిగించుకుంటోంది. మైనస్ ఇరవై నుంచి ప్లస్ నాలుగు దాకా వచ్చి మళ్లీ గడ్డకడుతోంది. ట్యూబుల్లో సీరం రోజుకి మూడుసార్లు కరిగి మూడుసార్లు బిగుస్తోంది. శుక్రవారం తీసిన రక్తం మంగళవారం టెస్టు చేస్తారు. అప్పటికి ఎస్‌జీపీటీ చచ్చూరుకుంటుంది, సుకుమారి. ఎస్‌జీఓటీ మొండిది, నిలబడుతుంది.”

“భలే. మెషీను అబద్ధం చెప్పదు, కాగితం అబద్ధం చెప్పదు. ‘ఫ్రీజరులో ఉంచితిమి’ అని రాశారు. ఉంచారు.” ఆమె చప్పట్లు కొట్టినట్టు రెండు వేళ్లు తాటించింది.

కాంపౌండర్ ఆ వేళ్లనే చూస్తున్నాడు. గోళ్ల సందుల్లో రబ్బరు గ్లవ్సు తెల్లపొడి. “పదిహేడుని చంపింది నువ్వే.”

“నేనే. పళ్ల డాక్టరు నన్ను పరీక్షించడానికి సూది నా చేతిలో పెట్టాడు. గుచ్చకపోతే నాకు గుచ్చేవాడు.”

“అసలు నువ్వెవరి మనిషివి?”

“ఈ వారం మీ మనిషిని.” కళ్లద్దాలు సవరించుకుంది. “సరదా తర్వాత. రేపు పదింటికి స్టడీ ముగింపు. ఎలకలన్నిటికీ గ్యాసు పెడతారు. పదకొండుకి సంతకం. మధ్యలో ఒక్క ఎలక బతికుండాలి, దాని రక్తం వేడివేడిగా టెస్టు కావాలి. ఎస్‌జీపీటీ ఒక్కటే సరిపోదు, సీపీకే కూడా చూడు. అది కండలో ఉండే ఎంజైము. కండ నలిగితేనే పెరుగుతుంది. అది మామూలుగా ఉండి ఎస్‌జీపీటీ ఎక్కిందంటే దెబ్బ లివరుకే. ఇంక ఎవడూ నోరెత్తలేడు.”

“తెలుసు.”

“తెలుసుగానీ, కాటు రిజిస్టరు చూశాను. మూడు రోజుల్లో అయిదుసార్లు ఎక్కావు. నువ్వు పట్టుకుంటే అది గింజుకుంటుంది. గింజుకుంటే సీపీకే పెరుగుతుంది. వాళ్ల అబద్ధాన్ని నువ్వే నిజం చేసినవాడివవుతావు.” గుమ్మం దగ్గర ఆగింది. “ఎలక ఎక్కే చెయ్యి ఈ బిల్డింగులో ఒక్కటే ఉంది. నీకూ తెలుసు.”

*

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి బావకి సస్పెన్షన్ ఆర్డరిచ్చారు. రబ్బరు బూట్లు, తాళాలు అప్పగించి పొమ్మన్నారు.

పదింటికి గ్యాసు గది తలుపు మూసుకుంది. పంజరాలు నూట పంతొమ్మిది వెళ్లాయి. ఎలుకలు నూట పద్దెనిమిది వెళ్లాయి. ఇరవై మూడో నంబరు క్యారేజీ కింది అరలో ఉంది. కాంపౌండర్ చెయ్యి తగలనివ్వకుండా పంజరం వంచి దాన్ని అందులోకి జార్చాడు.

పది ఇరవై. లాకర్ గది. ఇక్కడా గోడకి గీజరు, కింద తొట్టి. బావ బెంచీ మీద కూర్చుని బూట్లు తుడుస్తున్నాడు. అప్పగించే బూట్లని ఎవరైనా తుడుస్తారా? ఆయన తుడుస్తున్నాడు.

“బావా, ఒక్కసారి ఎలకని పట్టుకుంటావా? తోక నుంచి రెండు చుక్కల రక్తం తీయాలి.”

బావ తలెత్తాడు. “ఎలకెక్కడిది?”

కాంపౌండర్ క్యారేజీ తెరిచాడు. పసుపు చెవులు బయటికొచ్చాయి.

బావ ఎలుకని చూశాడు. తర్వాత బావమరిదిని చూశాడు. “ఎందుకు?”

“నేర్చుకుందామని.”

“ఇప్పుడా?”

“మళ్లీ నువ్వుండవు గదా.”

మాట కటువుగా పడింది. బావ మాత్రం లేచి గీజరు తిప్పాడు. చేతులు ముంచాడు. రెండు నిమిషాలు. కాంపౌండర్ రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. తొందరపెట్టడానికి లేదు. ఎలుక అరచేతిలోకి ఎక్కింది. బావ దాని తోకని గోరువెచ్చటి నీళ్లలో పెట్టాడు, నరం పైకి తేలింది. సూది దిగినప్పుడు ఎలుక మీసం ఒకసారి కదిలింది. అంతే.

రెండు చుక్కలు. ఎలుక మళ్లీ క్యారేజీలోకి దిగింది. బ్లీచింగ్ పౌడరు డ్రమ్ములో దాచిన ఎనలైజరు స్విచ్చి పడింది. సన్నగా గుయ్యిమంటోంది. పది ఇరవై ఆరు.

పది ముప్పై మూడుకి తలుపు తోసుకుని పళ్ల డాక్టరు వచ్చాడు, నవ్వుతూ, చేతిలో కాగితం.

కాంపౌండర్ కుళాయి పూర్తిగా తిప్పేశాడు. నీళ్ల హోరులో గుయ్యిమనే శబ్దం కలిసిపోయింది.

“నీ మంచికే వచ్చాను” అన్నాడు పళ్ల డాక్టరు బావతో. “పొరపాటున మోటుగా పట్టుకున్నానని ఒక్క సంతకం పెట్టు. సస్పెన్షను తీసేస్తాను. మర్యాదగా రిటైరవుదువుగాని.”

“నేను మోటుగా పట్టుకోలేదు సార్.”

“పట్టుకున్నావని ఎవరన్నారయ్యా! పట్టుకున్నానని నువ్వు రాయి, చాలు.”

“చెయ్యని పని చేశానని రాయలేను సార్. ఇరవై ఆరేళ్లుగా మీ రిజిస్టర్లలో నేను రాసిన అక్షరం ఒక్కటీ అబద్ధం లేదు.”

బెంచీ మీది క్యారేజీ కదిలింది. కొద్దిగా. పళ్ల డాక్టరు కళ్లు అటు తిరిగాయి. నవ్వు అట్లాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు.

“ఏముంది అందులో?”

కాంపౌండర్ చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ పెన్ను ఉంది. ఆ పెన్నుతో రాయరు.

బావ నెమ్మదిగా అరచెయ్యి చాపి క్యారేజీ మీద ఆనించాడు. వెచ్చటి అరచెయ్యి. లోపలి కదలిక ఆగిపోయింది.

“అన్నం సార్” అన్నాడు బావ. “మా ఆవిడ పెట్టింది. తినబుద్ధి కాలేదు.”

పళ్ల డాక్టరు ఒక క్షణం చూసి, కాగితం బెంచీ మీద పడేసి వెళ్లిపోయాడు.

“నా జన్మలో మొదటి అబద్ధం” అన్నాడు బావ తలుపుకేసి చూస్తూ. “ఎందుకాడానో నాకు తెలీదు. నీకు తెలుసల్లే ఉంది. చెప్పొద్దులే. చెప్పగలిగేదైతే నువ్వే చెప్పేవాడివి.”

డ్రమ్ములోంచి స్లిప్పు పాక్కుంటూ వచ్చింది. పది ముప్పై ఎనిమిది. ఎస్‌జీపీటీ 412. ఉండాల్సింది నలభై. సీపీకే మామూలు.

*

పది యాభై ఎనిమిది. మీటింగ్ హాలు. పొడుగు బల్ల, చివర చైర్మన్, ముందర ఫైలు, చేతిలో మూత తీసిన పెన్ను. ఒక పక్క పళ్ల డాక్టరు. ఆయన పక్కన తోటమాలీల తరఫు తెల్లజుట్టు పెద్దమనిషి, ఒడిలో వేళ్లు అల్లుకుని. ఇంకో పక్క వదిన.

హెల్పరు మంచినీళ్ల ట్రే పట్టుకుని వచ్చాడు. చైర్మన్ ముందు గ్లాసు పెట్టాడు. గ్లాసు కింద మడిచిన స్లిప్పు.

పెన్ను కాగితానికి ఆనింది. మొదటి అక్షరం పడింది. చైర్మన్ ఎడమచెయ్యి గ్లాసు ఎత్తింది. స్లిప్పు కనిపించింది. మూలన ముద్ర కనిపించింది.

పెన్ను ఆగింది.

చైర్మన్ స్లిప్పు విప్పి చదివాడు. మళ్లీ చదివాడు. పళ్ల డాక్టరువైపు చూశాడు. చదివి వినిపించడానికి గొంతు సవరించుకున్నాడు.

చదవండి, అనుకున్నాడు కాంపౌండర్. ట్రే అంచు వేళ్లకి కోసుకుంటోంది. పైకి చదవండి. సీపీకే మామూలు అని నలుగురి ముందూ ఒక్కసారి అనండి చాలు. అది ఒక మనిషి చేతుల గురించిన మాట.

“ఒక్క నిమిషం చైర్మన్‌గారూ” అని లేచింది వదిన. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “స్టడీలో ఎలకల్ని మోటుగా పట్టుకున్నారని వీళ్ల రిపోర్టే ఒప్పుకుంటోంది. అటెండర్ని ఇవాళ పొద్దున సస్పెండ్ కూడా చేశారు. దెబ్బలు తిన్న జంతువుల మీద చేసిన టెస్టు టెస్టే కాదు, రూల్సులో ఉంది. ఆడిటరుగా నా అభ్యంతరం. స్టడీ మొత్తం చెల్లదు. లైసెన్సు ఇవ్వడానికి వీల్లేదు.”

 చైర్మన్ ఆమెనీ స్లిప్పునీ మార్చి మార్చి చూశాడు. తెలివైనవాడు. పని జరిగే దారి దొరికింది, అల్లరి లేని దారి. స్లిప్పు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పడిన ఒక్క అక్షరాన్నీ అడ్డంగా కొట్టేసి, పైన ‘తిరస్కరించడమైనది’ అని రాశాడు. కారణం దగ్గర వదిన చెప్పిన మాటే రాశాడు. గోడ గడియారం పదకొండు కొట్టడం మొదలుపెట్టింది.

పళ్ల డాక్టరు నోరు మూసుకుంది. ఆయన పెదాలు ఎట్లా ఉంటాయో అక్కడివాళ్లు చూడడం అదే మొదటిసారి.

*

“గడ్డం ఎత్తు” అన్నాడు మావయ్య.

“బావ సంగతేంటి?”

“ఎవరి బావ?”

“నిజం బావ.”

మావయ్య కెమెరా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చైర్మన్ తిరిగి పంపిన స్లిప్పు ఆయన వేళ్ల మధ్య ఉంది. “చూడబ్బాయ్. కొన్ని లక్షల పశువులు బతికాయి. ఫ్రీజరు గుట్టు మనకి తెలిసిందని తోటమాలీలకి తెలీదు. ‘నేను లేచి ఆపకపోతే చైర్మన్ ఫ్రీజరు దాకా వచ్చేవాడు’ అని వాళ్లతో చెప్పి వదిన ఇంకా దగ్గరైంది. రేపు వాళ్లు ఇదే ఎత్తు ఇంకో దేశంలో వేస్తారు. ఈసారి ముఠా మొత్తం దొరుకుతుంది.”

“బావ సంగతి అడిగాను.”

“మోటుతనం రికార్డులో ఉండి తీరాలి. దాని మీదే గదా స్టడీ కొట్టేశారు! ఆయన చేతులు మంచివని ఈ కాగితం చెబితే, ఆ కారణం పోతుంది. కారణం పోతే వాళ్లు కోర్టుకెళ్తారు.” అగ్గిపుల్ల గీశాడు. స్లిప్పు అంచు నల్లబడి ముడుచుకుంది. నాలుగు వందల పన్నెండు కాలింది. సీపీకే కాలింది.

“ఎన్నాళ్లు?”

“ఫైలు మూసేదాకా.”

“ఫైలెప్పుడు మూస్తారు?”

“కదలకు” అన్నాడు మావయ్య నల్లగుడ్డలో దూరి. “ఇది పర్మనెంటు ఐడీ కార్డుకి. ఆ ల్యాబు మీద కన్ను ఉండాలి. మీ బావని తీసేశారు, పోస్టు ఖాళీ అయింది, నీకిప్పించాం.”

ఫ్లాష్ వెలిగింది.

*

బావ తన ఏప్రను తనే ఉతికి, ఇస్త్రీ చేయించి బావమరిది చేతిలో పెట్టాడు. “భుజాల దగ్గర నీకు కొంచెం వదులవుతుంది. మీ అక్కతో బిగించి కుట్టించుకో.”

అక్క కుట్టింది. సూదికి దారం ఎక్కించుకుంటూ తమ్ముడి మొహం చూడకుండా అంది: “ఆయన మోటుగా పట్టుకున్నాడట గదరా. నన్ను ఈ ముప్పై ఏళ్లలో గట్టిగా చెయ్యి పట్టుకుని లాగిన మనిషి కాదు. నువ్వక్కడే ఉన్నావుగా, ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“నా మాట ఎవరు వింటారక్కా” అన్నాడు తమ్ముడు. పదకొండేళ్ల సర్వీసులో అతను ఆడిన అబద్ధాలన్నిట్లోకీ ఇదే నిజానికి బాగా దగ్గరగా ఉంది.

ఇరవై మూడో నంబరు బావ ఇంట్లోనే ఉంది, పాత బిస్కెట్ డబ్బాలో. కాల్చెయ్యమని డిపార్ట్‌మెంట్ నుంచి కబురొచ్చింది. కాంపౌండర్ ఆ కబురు ఎవరికీ అందించలేదు. మందు ఆగింది, తిండి బాగుంది, రోజూ వెచ్చటి అరచెయ్యి. మూడు వారాలు తిరిగేసరికి లివరు కోలుకుంది. ఒకరోజు బావ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూపించాడు. “చూశావుటోయ్, చెవులు మళ్లీ గులాబీ అయ్యాయి.”

ఆ విధంగా ఉన్న ఒక్క సాక్ష్యమూ ఆరోగ్యంగా మాయమైపోయింది.

సోమవారం కొత్త స్టడీకి నూట ఇరవై కొత్త ఎలుకలు దిగాయి. పర్మనెంటు అటెండరు తొట్టిలో వేడినీళ్లు పట్టి మోచేతుల దాకా ముంచాడు. రెండు నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలు. చర్మం ఎర్రబడింది. తుడుచుకుని ఒకటో నంబరు పంజరంలో అరచెయ్యి పరిచి, బావ నిలబడినట్టే నిలబడ్డాడు.

ఎలుక వచ్చింది. వాసన చూసింది. బొటనవేలు పట్టుకుని రక్తం వచ్చేలా కరిచింది.

అతను దూది అద్దుకుని మేకుకున్న రిజిస్టర్ తీశాడు. తేదీ వేశాడు. పేరు రాశాడు. ఎలుక నంబరు రాశాడు. కారణం అన్న గడి దగ్గర కాసేపు ఆగి, ఈ ఉద్యోగంలో మొదటిసారి నిజం రాశాడు: ‘మోటుగా పట్టుకొనుట వలన.’